నాన్న తుపాకీకి బదులు

మా నాన్న తుపాకీని నా మొగుడు డోయిల్ అమ్మేసిన రోజు నేను ఆపరేషనై ఆస్పత్రిలో పడి ఉన్నాను. ఆ డబ్బుతో తనకో కొత్త తుపాకీ కొనుక్కున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఈ అల్లుడు దానం కూడా చేయలేదు, మామ సొమ్ముతో సోకు చేసుకున్నాడు. విడాకులిచ్చినా నా కడుపుమంట చల్లారలేదు. వయోమింగ్‌లో మా ఊరి గుట్టల దగ్గర ఏటా సెప్టెంబరులో దూరపు గురి పోటీ పెడతారు. ఐదేళ్ళుగా వాడే గెలుస్తున్నాడు. వాణ్ణి అక్కడే, వాడి స్నేహితుల ముందే మట్టి కరిపించాలని ఒట్టు పెట్టుకున్నాను.

నేను స్కూలు బస్సు నడుపుతాను. చేతిలో ఉన్నవి పన్నెండు వందల డాలర్లు. తుపాకుల కొట్టు ముసలాయన ఆర్వెల్ దగ్గరికి వెళ్ళాను.

“ఆ నల్లది ఇవ్వు బాబాయ్. డోయిల్ దానికంటే అందంగా ఉండాలి.”

“అందం కొరుక్కు తింటావా? కొత్తవాళ్ళంతా చేసే తప్పే ఇది. ఉన్నదంతా తుపాకీ మీద తగలేస్తారు, దూరపుది దగ్గరగా చూపే స్కోపు దగ్గరికొచ్చేసరికి పిల్లల బొమ్మ కొంటారు. కనపడందే ఏం కొడతావమ్మా?”

“మరేం చెయ్యమంటావ్?”

“తుపాకీకి నాలుగొందలు, స్కోపుకి ఐదొందలు. మిగతాది తూటాలకి. కాల్చకుండా గురి ఎక్కణ్ణుంచి వస్తుంది?”

మూలనున్న పాత తుపాకీ తీశాడు. గొట్టం బరువైనది, చెక్క నిండా గీతలే. దానికి స్కోపు బిగించి, కొట్టు వెనక్కి తీసుకెళ్ళి కాల్పించాడు. స్కోపు మీది దూరాల డయల్ పైకి తిప్పమన్నాడు, కిందికి తిప్పమన్నాడు, మళ్ళీ కాల్చమన్నాడు. ఎన్నిసార్లు తిప్పినా, డయల్ మళ్ళీ మొదటి అంకె మీదికి తెస్తే తూటా మొదటి చోటికే వచ్చింది. “ఇక ఇది నీకు అబద్ధం చెప్పదు” అన్నాడు.

వేసవంతా కాల్చాను. గురి పెట్టిన ప్రతి ఇనప పలకలోనూ నాకు డోయిల్ మొహమే కనపడేది. పలక మోగిన ప్రతిసారీ కడుపు నిండినట్టుండేది.

పోటీ రోజు నన్ను చూసి డోయిల్ పగలబడి నవ్వాడు. “ఏమే వెర్నా, ఆ డొక్కు ఎక్కడ ఏరుకొచ్చావ్? బస్సులో ఎవరైనా మర్చిపోయారా?”

“నవ్వు నవ్వు. సాయంత్రానికి కూడా కాస్త దాచుకో” అన్నాను.

ఆఖరి విడతకి వాడు నాకంటే మూడు దెబ్బలు ముందున్నాడు. అంతకుముందు విడతలో పలకలు తొమ్మిది వందల గజాల్లో ఉన్నాయి, ఇప్పుడు నాలుగు వందల్లో. దూరం మారినప్పుడల్లా స్కోపు డయల్ తిప్పుకోవాలి. నా తుపాకీ మీద జోకులేయడంలో పడి వాడు అది మరిచిపోయాడు. తర్వాతి వంతు నాది కాబట్టి వాడి వెనకే నిలబడ్డాను. వాడి డయల్ మీది అంకె నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ముందువాడు ఇలా మరిచిపోతే వెనకవాడు చెప్పడం మాలో ఆనవాయితీ.

“డోయిల్, డయల్ చూసుకో. ఇంకా తొమ్మిదొందల మీదే ఉంది.”

వాడు తలైనా తిప్పలేదు. “ఆపవే! నా బుర్ర చెడగొట్టడానికి ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా?”

ఒక్క చూపు చూస్తే సరిపోయేది. కానీ పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగానే కనపడుతుంది.

ఈల మోగింది. పది తూటాలూ పలకల మీదుగా ఎగిరిపోయాయి. గాలి వల్లేమో అనుకుని కాసేపు ఎడమకీ, కాసేపు కుడికీ గురి జరిపాడు. ఒక్క పలకా మోగలేదు. వెనకున్న స్నేహితులు నేల చూపులు చూశారు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

నాకు నాలుగు దెబ్బలు చాలు. ఏడు మోగించాను.

అందరూ మాంసం, చిక్కుడు గింజల చిల్లీ కూర వడ్డించుకుంటుంటే వాడు నా దగ్గరికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“నిజమే చెప్పావ్ కదే! నన్ను ఓడించడానికే వచ్చినదానివి, నాకెందుకు చెప్పావ్?”

“నువ్వు నమ్మవని తెలిసే చెప్పాను” అన్నాను.