గల్లీ ఏట్లో విజయశ్రీ పడవ

కొత్తపేట పాత పండ్ల మార్కెట్ వెనక గల్లీలోకి రోజూ సాయంత్రం టీ వేళకి ఏరు వచ్చేది. ముందుగా చల్లగాలి తగిలేది. ఇస్త్రీ బండాయన బొగ్గుల సంచి పైన పెట్టుకునేవాడు. స్కూటర్లు ర్యాంపులెక్కేవి. బడి నుంచి వచ్చే పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకునేవాళ్లు. మోకాటి లోతు తేటనీళ్లు ఇళ్ల మధ్య నుంచి మెల్లగా సాగి, దీపాలు పెట్టేసరికి ఇంకిపోయేవి. కిరాయికి ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకి ఓనర్లు మంచినీళ్లు ఎప్పుడు వదులుతారో చెప్పి, ఆ వెంటే ఏరు సంగతీ చెప్పేవాళ్లు.

విజయశ్రీ ఆ ఏటి కోసమే అక్కడ దిగింది. కాకినాడ వైపు మనిషి. ఓడల ఇంజినీరింగు చదివి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, లోతు లేని నీళ్లలో తక్కువ కరెంటుతో నడిచే పడవ చేయాలని అది మానేసింది. కానీ పడవే మాట వినడం లేదు. అడుగున నీళ్లని నెట్టే పంకా పెద్దది పెడితే నేలకి కొట్టుకునేది. చిన్నది పెడితే గిర్రున తిరిగి నురగ చిమ్మేదే గాని ముందుకు తోసేది కాదు, బ్యాటరీ మాత్రం తాగేసేది. గల్లీ మధ్యలో ఎత్తైన స్పీడ్‌బ్రేకర్ ఉంది. దాని మీద నీళ్లు జానెడే. ఆమె చేసిన ప్రతి పడవా అక్కడిదాకా వెళ్లి ఆగిపోయింది.

పక్క గదిలో మహిపాల్, అతని పెళ్లాం సంతోషి ఉండేవాళ్లు. సాగర్ వెనకనీళ్ల మధ్య నెమలిదిబ్బ అనే చిన్న ఊరు వాళ్లది. మహిపాల్ చేపలు పట్టేవాడు. కిడ్నీలు పాడయ్యాయి. అవతలి ఒడ్డు ఊళ్లో డయాలసిస్ దొరుకుతుంది గాని, ఎండాకాలం నీళ్లు తగ్గితే పడవలు బురదలో దిగబడిపోతాయి. అందుకే ఇక్కడికొచ్చారు. సంతోషి దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టే షాపులో పనికి కుదిరింది.

ఒక సాయంత్రం ముగ్గురూ మెట్ల మీద కూర్చుని ఏట్లో కాళ్లు పెట్టుకున్నారు.

"అక్కా, జర నువ్వన్న చెప్పు ఈయనకు," అంది సంతోషి. "ఇగ దవాఖానకు రానంటుండు."

"ఇంటికి పోతా అన్న, గంతే," అన్నాడు మహిపాల్. "ఈడ మిషిన్ నన్ను బతికిస్తది. బతికి ఏం జెయ్యాలె? గోడలు చూసుకుంట కూసుంటున్న."

"మరి అక్కడ డయాలసిస్ ఎలాగండీ?" అని అడిగింది విజయశ్రీ.

"పడవ నడిచిన్నాడు పోతా. నడవకుంటె లేదు."

సంతోషి తల వంచుకుని, చీరకంటిన దారప్పోగులు ఒక్కొక్కటే తీసి నీళ్లలో వదిలింది. అవి కొట్టుకుపోవడం విజయశ్రీ చూసింది.

"ఆదివారం దాకా ఆగండి," అంది. "పడవ పరీక్షకి బరువు కావాలి. మీరిద్దరూ ఎక్కాలి."

మహిపాల్ ఏట్లోంచి కాళ్లు తీసుకున్నాడు. "ఆదివారం దాంక ఉంటా," అన్నాడు.

మాట ఇచ్చేసింది గాని ఆమె దగ్గర చూపించడానికేమీ లేదు. మర్నాడు టీ గ్లాసులు కడుగుతూ, బకెట్లో బోర్లా మునిగిన గ్లాసుని పైకెత్తింది. గ్లాసు అంచు ఇంకా నీళ్లలోనే ఉంది. లోపలి నీళ్లు మాత్రం కిందికి దిగకుండా బకెట్ మట్టానికి పైన నిలబడి ఉన్నాయి. గాలి దూరితే తప్ప దిగవు. ఇది ఆమె పుస్తకాల్లో చదివిందే, పడవకి పనికొస్తుందని మాత్రం తట్టలేదు. గ్లాసుని అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత వెళ్లి పడవ అడుగు కోసేసింది.

అక్కడ బోర్లించిన దోనెలాంటి సొరంగం కట్టింది. గాలి దూరకుండా దాని చివర్లు కిందికి వంచింది. పెద్ద పంకాని సగం నీటిమట్టానికి పైనే ఉండేలా అందులో బిగించింది. అది తిరగడం మొదలుపెడితే గాలిని బయటికి నెట్టేస్తుంది, నీళ్లు వాటంతటవే పైకెక్కి సొరంగం నింపుతాయి. పంకా తాపీగా తిరిగినా చాలు.

ఆదివారం ఏరు రాగానే ముగ్గురూ ఎక్కారు. స్పీడ్‌బ్రేకర్ దగ్గర సంతోషి కళ్లు మూసుకుంది. అడుగున నీళ్లు గుటక వేసినట్టు చప్పుడైంది. పడవ ఎక్కడా తగలకుండా దాటింది.

"కొంచెం దూరం వెళ్లి తిప్పేద్దాం," అంది విజయశ్రీ. కానీ ఏరు ముందుకే పోతోంది, ఆమెకి తిప్పబుద్ధి కాలేదు. మెట్రో స్తంభాల నీడల్లోంచి ఎల్బీనగర్ చౌరస్తాకి వచ్చారు. ట్రాఫిక్ పోలీసాయన బస్సులు ఆపి దారిచ్చాడు. సాగర్ రోడ్డు మీద చింతపండు ఆరబెట్టుకున్నవాళ్లు చాపలు పక్కకు లాక్కున్నారు. దీపాలు వెలిగే వేళయింది. ఆ వేళ ఏరు ఇంకలేదు. ఇళ్లు పలచబడ్డాయి, నీళ్లు వెడల్పయ్యాయి, రెండు పక్కలా తుంగ మొదలైంది.

మహిపాల్ చెయ్యి ముంచి వాసన చూశాడు.

"మావే," అన్నాడు మెల్లగా. సంతోషి అతని తడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

నెమలిదిబ్బ చేరేసరికి నక్షత్రాలు వచ్చాయి. ఒడ్డు చుట్టూ ఎండాకాలపు బురద, దాని మీద జానెడు నీళ్లు. పడవ నేరుగా రాళ్ల దాకా వెళ్లి ఆగింది. విజయశ్రీ తాళంచెవి మహిపాల్ చేతిలో పెట్టి, పొద్దున్నే అతను అవతలి ఒడ్డున దింపితే బస్సెక్కి వచ్చేసింది. ఆ సాయంత్రం గల్లీలోకి ఏరు ఎప్పటిలాగే వచ్చింది.

ఇప్పుడు ఆ వెనకనీళ్ల మీద ఎండాకాలమంతా నడిచేది మహిపాల్ పడవొక్కటే. డయాలసిస్ రోజున టీచర్లనీ, పాలక్యాన్లనీ, ముసలివాళ్లనీ ఎక్కించుకుని అవతలి ఒడ్డుకు వస్తాడు. మిషన్ పక్కన పడుకుని మాటిమాటికీ కిటికీలోంచి ఎండ చూస్తాడు.

"జర జల్ది ఇప్పు చెల్లె," అంటాడు నర్సుతో. "ఒడ్డు మీద మంది నాకోసం చూస్తుంటరు."