గాలిని తినే నల్లపొడి

గాజుబుడ్డిలోకి బ్రష్షు దూర్చి గిరగిరా తిప్పుతోంది వజ్రమ్మ. తెల్లకోటు చేతులు మడిచిన మోచేతుల దాకా నురగ పాకింది. కింది అంతస్తులోని కోచింగ్ సెంటర్ పిల్లల గోల కిటికీలోంచి వినిపిస్తోంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్ళే రోడ్డు మీదున్న ఈ చిన్న ప్రయోగశాలలో సీసాలు కడగడం ఆమె పని. ఇవాళ్టితో ఆఖరు. రేపటి నుంచి చెల్లెలు రాజమ్మతో కలిసి బోరబండలో ఇడ్లీబండి.

వయసులో వజ్రమ్మ కూలికి పల్లి చెట్లు పీకేది. వేళ్ళకున్న బుడిపెలు చిదిమితే లోపల ఎర్రగా ఉండేవి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నైట్రోజన్‌ను ఎరువుగా మారుస్తాయనీ, ఇనుమూ గంధకమూ కలిసిన ఒక నలుసుతో ఆ పని చేస్తాయనీ, అలాంటిదే తాను తయారు చేస్తున్నాననీ నౌషీన్ చెప్పింది. నౌషీన్ ఇక్కడ పరిశోధకురాలు. ఈసారీ ఫలితం రాకపోతే ఆమె ప్రాజెక్టు మూసేస్తారు.

గాలి చొరబడని అద్దాల పెట్టెలో, రబ్బరు తొడుగుల్లోంచి చేతులు పెట్టి, నౌషీన్ తాను తయారుచేసిన నల్లపొడిని సీసాలో పోస్తోంది.

"గాలి తినేదాన్ని గాలి తగలకుంట దాస్తవేందమ్మా?"

"నైట్రోజన్‌తో దోస్తీ, ఆక్సిజన్‌తో దుష్మనీ!" నౌషీన్ నవ్వింది.

ఆ నవ్వు ఆగకముందే బుస్సుమని శబ్దం. ఎడమ తొడుగు భుజం దగ్గర చిరిగింది.

"అమ్మా! జల్దీ! లోపలికి గాలి పోతే అంతా ఖతం!"

నురగ చేతులతోనే ఉరికింది వజ్రమ్మ. చిరుగును రెండు చేతులా కూడదీసి మెలిపెట్టి బిగబట్టింది. వేళ్ళు జారాయి. మళ్ళీ పట్టింది. నౌషీన్ కుడిచేత్తో వెతికి, సీసా మూత బిగించేదాకా వదల్లేదు.

"అయిందా?"

"అయింది."

"మస్తు పట్టుంది నా చేతికి. ఇడ్లీపిండి రుబ్బనీకె పనికొస్తది!" అంటూ వేళ్ళు విదిలించుకుంది.

సాయంత్రం పరీక్ష. ఎరువు తయారై ఉంటే, పొడి వేసిన నీళ్ళు పరీక్షమందు కలపగానే నీలంగా మారాలి. ఇద్దరూ గాజుగొట్టం మీదికి వంగారు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అడుగున, ఉతికి వెలిసిన చీరలా, లేత నీలం.

నౌషీన్ ఆమెను గట్టిగా వాటేసుకుంది. వజ్రమ్మకు ఊపిరాడలేదు, నవ్వాగలేదు.

"పోతనమ్మా. రాజమ్మ పప్పు నానబెట్టి చూస్తుంటది. బండికాడికి రా, పల్లిచట్నీ ఎక్కువేస్త."

మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు పిల్లల గోలలో కలిసిపోయింది.

తలుపు వెనక కొక్కేనికి వజ్రమ్మ తెల్లకోటు వేలాడుతోంది. మోచేతుల దాకా మడిచిన మడతలు ఇంకా తడిగానే ఉన్నాయి.