ఆరో మెషీనుకు జ్వరం

మా హేచరీలో గుడ్లు పొదిగే మెషీన్లు పన్నెండు. వాటికి కొత్త కంట్రోలు పెట్టెలు వచ్చాయి. పాత పెట్టెల్లో ఒక్కో మెషీనుకు ఒక్కో సెట్టింగుల ఫైలు ఉంది. అందులో వరసకో పేరు, పక్కన ఒక అంకె. వేడి ఇంత, తేమ ఇంత, గుడ్లు తిప్పేది ఇన్ని గంటలకోసారి. ఆ అంకెలన్నీ కొత్త ఫైళ్లలోకి ఎక్కాలి. మెషీన్లు చూసేది నేను, కంప్యూటర్లు చూసేది నా మేనకోడలు.

"పన్నెండు ఫైళ్లు, ఫైలుకు నలభై అంకెలు. చేత్తో కొడితే నా వేళ్లు అరిగిపోతాయి మావయ్యా. అందుకే షెల్ స్క్రిప్టు అని చిన్న ప్రోగ్రాం రాశాను. అది పాత ఫైల్లో పేరు వెతుకుతుంది, పక్కనున్న అంకె తీస్తుంది, కొత్త ఫైల్లో అదే పేరు పక్కన పెడుతుంది. టీ తాగొచ్చేలోగా అయిపోతుంది."

"ఊఁ" అన్నాను.

"ఆ ఊఁ బాగుందనా, బాలేదనా?"

"టీ తాగుదాం."

వచ్చేసరికి నిజంగానే అయిపోయింది. మేనేజరు వచ్చి చూశాడు. పన్నెండు పెట్టెల మీదా ముప్ఫై ఏడున్నర డిగ్రీలు. "ఇంకేం, పాత పెట్టెలు రేపే పారేద్దాం" అన్నాడు. ఆయనకు అన్ని పనులూ నిన్ననే అయిపోవాలి.

భోజనాలయ్యాక నా పద్ధతిలో నేను తిరిగాను. తలుపు తీసి, ఒక గుడ్డు తీసుకుని, మూసిన కనురెప్పకు ఆనిస్తాను. అరచెయ్యి మొద్దుబారి ఉంటుంది గానీ రెప్పకు తెలుస్తుంది. మొదటి ఐదు మెషీన్ల దగ్గర రెప్ప ఏమీ అనలేదు. ఆరోదాని దగ్గర వేడి తగిలింది. ఇంకో గుడ్డు తీశాను. అదీ అంతే.

అందులో ఎనిమిది వేల గుడ్లు, పదిహేనో రోజువి. లోపల పిల్లలకు నూగు వచ్చేసి ఉంటుంది. రేపటిదాకా ఇదే వేడైతే చాలావరకు పెంకులోనే పోతాయి.

"జ్వరం" అన్నాను మేనకోడలితో.

"అయ్యో, మాత్ర వేసుకున్నావా?"

"నాకు కాదు. ఆరోదానికి."

వచ్చి పెట్టె చూసింది. "ముప్ఫై ఏడున్నరే కదా! నీ రెప్ప కంటే సెన్సరే నయం."

ఐదోదాంట్లోంచి ఒకటి, ఆరోదాంట్లోంచి ఒకటి తీసి ఆమె చేతుల్లో పెట్టాను. కళ్లు మూసుకుని ఒక్కో కంటికి ఒక్కోటి ఆనించుకుంది. సరిగ్గా అప్పుడే మేనేజరు తలుపులో నిలబడ్డాడు.

"ఏంటమ్మా, డ్యూటీలో ఆటలా?"

"ఆగండి సార్, కొలుస్తున్నా" అంది. అంతలో ఆమె మొహం మారిపోయింది.

ముందు వేడి తగ్గించింది. తర్వాత రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచింది. ఆరోదాని సెన్సరు ఎప్పుడూ ఒక డిగ్రీ తక్కువ చెబుతుంది. అందుకని సవరణ అన్న పేరు పక్కన ఒకటి అన్న అంకె ఉండాలి. కొత్త ఫైల్లో సున్నా ఉంది. అంటే పెట్టె ముప్ఫై ఏడున్నర అన్నప్పుడు లోపల ముప్ఫై ఎనిమిదిన్నర. పాత ఫైల్లో ఆ పేరు రెండు వరసల్లో ఉంది. పై వరసలో సున్నా, కింద ఒకటి. పై వరసకు ముందు హ్యాష్ గుర్తు (#).

"హ్యాష్ ఉన్న వరసను మెషీను పట్టించుకోదు మావయ్యా. ఆ సంగతి స్క్రిప్టుకు నేను చెప్పలేదు. మొదట కనబడిన అంకె లాక్కొచ్చింది. తప్పు నాదే. అయినా ఆ చచ్చిన వరసను దాచి ఉంచిన మహానుభావుడెవరో!"

నాలుగేళ్ల కిందట సెన్సరు మార్చినప్పుడు, అప్పటి కంప్యూటరతను పాత అంకె తీసేయబోయాడు. "కొట్టెయ్, చెరపకు" అన్నాను. అతను ముందు హ్యాష్ పెట్టి వదిలేశాడు. మూడో తరగతి మాస్టారు నేర్పిన అలవాటు.

"నేనే. కొట్టెయ్, చెరపకు అన్నా" అని చెప్పాను.

"నువ్వా! ఏడాదికి పది మాటలు మాట్లాడతావు, అందులో రెండు వచ్చి నా నెత్తిన పడ్డాయా! ఇంకెక్కడైనా ఇలా ఉంచావా?"

"తొమ్మిదిలో. తేమకి."

"నాయనో!"

అదీ సరిచేసింది. హ్యాష్ వరసలు వదిలేయమని స్క్రిప్టుకు చెప్పి మళ్లీ నడిపింది. సాయంత్రం ఆరోదాని గుడ్డు ఆనిస్తే రెప్ప ఊరుకుంది. నేను మాత్రం ఆరు రోజులూ అక్కడే తచ్చాడాను.

ఇరవై ఒకటో రోజు పెంకులు చిట్లాయి. ఏడు వేల పైచిలుకు పిల్లలు, ఎప్పటిలాగే. ఆ గోలలో మేనేజరు ఏదో అరుస్తున్నాడు గానీ వినబడలేదు.

వచ్చే వారం పక్క షెడ్డు పెట్టెలు మారుస్తారు. స్క్రిప్టు చివర మేనకోడలు ఒక ప్రశ్న చేర్చింది. అంకెలన్నీ ఎక్కించాక అది ఆగి, "మావయ్య గుడ్డు చూశాడా?" అని అడుగుతుంది. అవును అని కొడితేనే పని ముగిస్తుంది.

ఊఁ అంటే ఒప్పుకోదట.