రెండో చూపు

కీబోర్డు సందుల్లోంచి రంపపు పొట్టు దులుపుతున్నాను. వార్నిష్ పూయడానికి పనికిరాకుండా పోయిన బ్రష్షు ఒకటి ఇందుకోసమే దాచుకున్నాను. షాపు మా ఇంటి వెనకే. ఎన్ని తలుపులు బిగించినా పొట్టు ముందుగదిలోకి వచ్చి, అక్షరాల కింద దూరి కూర్చుంటుంది. రోజూ దులపాల్సిందే.

"దులిపింది చాల్లే, కూర్చో," అంది వదిన కుర్చీ లాగుతూ. "అందరికీ వేరువేరు పేర్లు పెట్టాలి. ఎవరు ఏం చూడొచ్చు, ఎవరు ఏం మార్చొచ్చు, అన్నీ తేల్చాలి. మామయ్యగారు సరేనన్నారు."

"నాన్న సరేనన్నాడా?"

"సరేననడమేంటి, తొందరపెడుతున్నారు. దొంగ దొరకాలట."

ఆయన దొంగ అంటున్నది మా మేనమామని.

మా షాపులో అల్మరాలు, వంటింటి అరలు, తలుపులు చేస్తారు. నాన్న మేస్త్రీ. అన్నయ్య ఇళ్ళకు వెళ్ళి కొలతలు తెస్తాడు, తయారైనవి బిగించి వస్తాడు. పని ఇచ్చినవాళ్ళతో మాట్లాడేది వదిన. అమ్మకు తమ్ముడైన మామయ్య ఇరవై రెండేళ్ళుగా రంపం మిషను దగ్గర ఉన్నాడు. కంప్యూటరు పని నాది.

కిందటేడు పనులన్నీ ఒక్కచోట కనిపించేలా ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నాం. ప్రతి పనికీ అందులో ఒక పేజీ ఉంటుంది. బొమ్మ, కొలతలు, తేదీ, పని ఎంతవరకు వచ్చిందో అన్నీ అందులోనే. మొదటిరోజే అది ఎంతమంది వాడతారు, ఎవరికి ఏ హక్కులివ్వాలి అని అడిగింది. నాన్న నవ్వాడు. "ఒక షాపు, ఒక కుటుంబం. వేరు కుంపట్లు పెట్టడానికా ఈ పేర్లు?" అన్నాడు. 'మేస్త్రీ' అని ఒక్క పేరు పెట్టించి, దాని పాస్‌వర్డు షాపులో అల్మరా తలుపు లోపలివైపు పెన్సిలుతో రాయించాడు. ఆ రోజు నుంచి ఎవరు తెరిచినా మేస్త్రీయే తెరిచినట్టు, ఎవరు దిద్దినా మేస్త్రీయే దిద్దినట్టు.

ఏడాదిపాటు బాగానే నడిచింది. పళ్ళ డాక్టరు క్లినిక్కు ఆరు నిలువు అల్మరాలు చేసినప్పుడు బయటపడింది. మొదట కొలిచినప్పుడు అక్కడ నేల మీద పలకలు పరచలేదు. పరిచాక అన్నయ్య మళ్ళీ వెళ్ళి కొలిచి, ఎత్తు రెండు వందల డెబ్బై సెంటీమీటర్లను రెండు వందల అరవై ఏడు చేశాడు. నాన్న పక్కనుండే చేయించాడు. కానీ తీసుకెళ్ళి నిలబెట్టబోతే ఆరింటిలో ఒక్కటీ కప్పు కింద పట్టలేదు. మూడేసి సెంటీమీటర్లు ఎక్కువ.

అన్నయ్య ఫోను పెట్టేయగానే నాన్న నేరుగా రంపం దగ్గరికి వెళ్ళాడు.

"పాత కొలతకి ఎందుకు కోశావురా?"

"స్క్రీను మీద డెబ్బై ఉంది బావా. ఉన్నదే కోశాను."

రంపం పక్కనున్న స్క్రీనులో ఆ పేజీ తెరిచి చూశారు. మేస్త్రీ అరవై ఏడు చేశాడు. మేస్త్రీ మళ్ళీ డెబ్బై చేశాడు. ఏ మేస్త్రీ అన్నది పేజీ చెప్పదు.

"పెద్దాడు నా ముందే అరవై ఏడు చేశాడు. తర్వాత నా పేరు మీద ఎవడు మార్చినట్టు? గ్లౌజు వేళ్ళతో నువ్వే ఏదో నొక్కి ఉంటావు. నొక్కానని చెప్తే పోతుంది కదా. అబద్ధం దేనికి?"

మామయ్య మిషను ఆపాడు. గ్లౌజులు విప్పి, ఒకదానిమీద ఒకటి సరిగ్గా పెట్టి బల్ల చివర ఉంచాడు. వెళ్ళిపోయాడు. మూడు రోజులైంది. రెండు వీధుల అవతలే ఉంటాడు కానీ ఇటు తొంగిచూడలేదు. తప్పు కోశావంటే దెబ్బలాడేవాడే, మళ్ళీ మధ్యాహ్నానికి పక్కన కూర్చుని తినేవాడే. అబద్ధమాడావన్నమాట మాత్రం ఆయన మింగలేకపోయాడు. అమ్మ రోజూ ఒక మనిషి వంట ఎక్కువ వండి, సాయంత్రం అది చూసి నిట్టూర్చేది.

నేను తెల్లకాగితం తీసుకుని గళ్ళు గీశాను. నిలువుగా మనుషులు, అడ్డంగా పనులు. చూడటం, కొత్తది రాయడం, ఉన్నది మార్చడం, ఒప్పుకోవడం, తీసేయడం. ఏడాదిగా ఎవరి చెయ్యి ఎక్కడ పడుతుందో చూస్తూనే ఉన్నాను కాబట్టి గళ్ళు నింపడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"వదినా, నీకు అన్నీ కనిపిస్తాయి. తేదీలు మార్చొచ్చు. కొలతలు ముట్టుకోకూడదు."

"నేనెప్పుడైనా ముట్టుకున్నానా?"

"లేదు."

"మరి ముట్టుకోకూడదంటే ముట్టుకోవాలనిపిస్తోంది," అంది. కానీ గడి ఖాళీగానే వదిలేయమంది.

కొలతలు మార్చే హక్కు నాన్నకీ అన్నయ్యకీ ఇచ్చాను. అయితే ఒకరు మార్చిన కొలత వెంటనే అమల్లోకి రాదు. రెండో మనిషి చూసి ఒప్పుకునేదాకా పాతదే ఉంటుంది, పక్కన కొత్తది వేచి ఉంటుంది. ఆ గడికి సాఫ్ట్‌వేర్ ఏదో బరువైన పేరు పెట్టింది. దాన్ని మార్చి 'రెండో చూపు' అని రాశాను. రెండో చూపు ఎవరిదన్న ప్రశ్నకు నాకు ఒక్కటే జవాబు తోచింది.

నాన్న వెనకనుంచి వచ్చి కాగితం చూశాడు. ఆయన వరసలో ఒక గడి ఖాళీగా ఉంది.

"ఇదేంటి?"

"నువ్వు మార్చింది నువ్వే ఒప్పుకోవడం కుదరదు నాన్నా. ఇంకొకరు చూడాలి."

"నా షాపులో నాకే గొళ్ళెమా?"

వదిన లేచి నీళ్ళు తాగే వంకన లోపలికి వెళ్ళిపోయింది. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను, నాన్నతో మరీ. కానీ ఆ గడి నింపితే ఈ కాగితానికి అర్థం ఉండదని తెలుసు.

"షాపులో కొత్తగా చేరినవాళ్ళకి నువ్వు చెప్పే మొదటి మాట ఏంటి నాన్నా?"

ఆయన చూపు నా మీద నిలిచింది. ఆ మాట నేను పుట్టకముందు నుంచీ షాపులో ఉంది. కొలిచిన చెయ్యి కొయ్యకూడదు. ఎంత పనిమంతుడైనా, తాను కొలిచిన చెక్కను తానే కోస్తే తప్పు తనకు కనపడదు. అందుకే మా దగ్గర కొలిచేవాళ్ళు రంపం ముట్టుకోరు. రంపం దగ్గర ఉన్నవాళ్ళు టేపు పెట్టి మరోసారి చూస్తారు. నాన్న కూడా ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా ఈ నియమం తప్పలేదు.

"అదే ఇందులో పెట్టాను. కొత్తగా నేనేం కనిపెట్టలేదు," అన్నాను.

నాన్న కాగితం తీసుకుని వెలుతురుకు పట్టుకుని గళ్ళన్నీ వరసగా చదివాడు. మేము చేసిన తలుపును చేత్తో తడిమి చూసేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

"నీ గీతలు తిన్నగా ఉన్నాయి," అన్నాడు. "మరి నా దానికి రెండో చూపు ఎవరు?"

"మామయ్య."

"వాడా!"

"కోసేది ఆయనే కదా."

"రాని మనిషికి హక్కులెందుకు?" అన్నాడు కానీ, కాగితం నా ముందే పెట్టి వెళ్ళాడు. కొట్టేయలేదు.

మిగతా పొద్దంతా ఆ పనిమీదే ఉన్నాను. 'మేస్త్రీ' అన్న పేరు నాన్న ఒక్కడికే ఉంచి, మిగతావాళ్ళకు ఒక్కొక్క పేరూ పెట్టాను, ఒక్కొక్క గడీ నొక్కాను. 'ఉత్తుత్తి బల్ల' అని ఒక పని సృష్టించి, ఒక్కొక్కరి పేరుతో లోపలికెళ్ళి, వాళ్ళు చేయకూడనివన్నీ చేయబోయాను. వదిన పేరుతో కొలత మార్చబోతే మారలేదు. నా పేరుతో బల్లను తీసేయబోతే పోలేదు. నాన్న పేరుతో మార్చి, నాన్న పేరుతోనే ఒప్పుకోబోతే 'మీరు మార్చినది ఇంకొకరు చూడాలి' అంది. ఆ మాట చూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. చివరికి అల్మరా తలుపు మీది పాస్‌వర్డును గరుకు కాగితంతో రుద్ది చెరిపేశాను.

సాయంత్రం మామయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన తలుపు బందులకు నూనె పోస్తున్నాడు. మూడు రోజుల్లో ఆ ఇంట్లో కిర్రుమనే తలుపు ఒక్కటీ మిగల్లేదని అత్తయ్య చెప్పింది.

"ఫోను ఇలా ఇవ్వు మామయ్యా. నీ పేరు పెట్టాలి."

"నాకెందుకే పేరు? నేను గ్లౌజుతో నొక్కే మనిషిని." అయినా ఫోను ఇచ్చాడు. "ఇంతకీ నాకేం ఇచ్చావు? చూసి రావడమేనా, పెళ్ళికెళ్ళిన చుట్టంలాగా?"

"కొలత మార్చడం లేదు. ఆపడం ఉంది."

"ఆపడమంటే?"

"నాన్న గానీ అన్నయ్య గానీ ఏది మార్చినా ముందు నీ దగ్గరికి వస్తుంది. నువ్వు సరే అంటేనే రంపం దాకా వెళ్తుంది. ఆపితే నాన్న కూడా కదపలేడు."

ఆయన నూనె డబ్బా కింద పెట్టాడు. "మీ నాన్నకి తెలుసా ఇది?"

"చదివాడు."

"చదివి?"

"గీతలు తిన్నగా ఉన్నాయన్నాడు."

మామయ్య తువ్వాలుతో చేతులు రెండుసార్లు తుడుచుకున్నాడు. "ఏడిచినట్టుంది. రంపం దగ్గరికి రాకుండా నేనేం ఆపుతాను!" అన్నాడు. ఫోను మాత్రం తీసుకుని, 'రెండో చూపు' అన్న మాటను వేలు ఆనించి చదివాడు. అత్తయ్యకు కూడా చూపించాడు.

మర్నాడు పొద్దున నాన్న కాఫీ గ్లాసుతో ముందుగదిలో కూర్చుని ఫోను తీశాడు. అది ఆయనకు అలవాటు. నడుస్తున్న పనులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూస్తాడు. చూసి, మూసేముందు 'సేవ్' నొక్కుతాడు. పడుకోబోయేముందు తలుపు గడియ మరోసారి లాగి చూసేవాళ్ళలాగా. ఏడాదిగా ఆ టక్కుటక్కు వింటూనే ఉన్నాను. అందులో ఏముందో ఎప్పుడూ ఆలోచించలేదు.

పదకొండు పనులు, పదకొండు సార్లు టక్కు. నా స్క్రీను మీద పదకొండు వరసలు దిగాయి. ప్రతి వరస పక్కనా 'మేస్త్రీ మార్చారు, రెండో చూపు కోసం వేచి ఉంది' అని.

"నాన్నా, పదకొండు పనులూ మార్చావా?"

"నేనెందుకు మారుస్తాను? చూసి మూశాను, అంతే." వచ్చి నా వెనక నిలబడ్డాడు. "ఇదేంటి, నీ గళ్ళు పిచ్చెక్కి ఆడుతున్నట్టున్నాయి!"

సేవ్ నొక్కితే చాలు, సాఫ్ట్‌వేర్ దాన్ని మార్పుగానే లెక్కేస్తుందని అప్పుడు అర్థమైంది. జవాబు చెప్పేలోపు వరసల్లో మొదటిది పచ్చగా మారింది. తర్వాత రెండోది. రెండు వీధుల అవతల మామయ్య తన ఫోనులో ఒక్కొక్కటే తెరిచి, ఒప్పుకుంటున్నాడు. మధ్యలో ఆగుతున్నాడు. కొలతలు పోల్చి చూసుకుంటున్నాడని నాకు తెలుస్తోంది. అలిగిన మనిషి కళ్ళు మూసుకుని అన్నిటికీ సరే కొట్టొచ్చు. ఆయన అలా చేయలేదు. పది వరసలూ పచ్చబడటానికి పావుగంట పట్టింది. అంతసేపూ నాన్న నిలబడే ఉన్నాడు. కాఫీ గ్లాసు కిటికీ దగ్గరే ఉండిపోయింది.

పదకొండోది ఎర్రబడింది. దాని కింద మామయ్య రాసిన మాటలు వచ్చాయి. 'బావా, ఈ స్నానాలగది తలుపు వెడల్పు పెద్దాడు నిన్న సాయంత్రం డెబ్బై రెండు చేశాడు. నేను ఒప్పుకున్నాను. నువ్వు పంపినదాంట్లో పాత డెబ్బై అయిదు ఉంది. ఏది కొయ్యాలి?'

నాన్న తన ఫోను మళ్ళీ తీశాడు. ఆ తలుపు పేజీలో ఇంకా డెబ్బై అయిదే ఉంది. నిన్న మధ్యాహ్నం తెరిచిన పేజీ అది. అన్నయ్య మార్చకముందుది. ఆయన ఫోనులో అలాగే తెరిచి ఉండిపోయింది. దాని మీదే ఇప్పుడు సేవ్ నొక్కాడు.

నేను క్లినిక్కు పేజీ తెరిచాను. మేస్త్రీ మళ్ళీ డెబ్బై చేసిన గంట అందులో చిన్న అక్షరాల్లో ఉంది, ఆ రోజు ఎవరూ దాన్ని చూడలేదు. పొద్దున ఏడూ పది. ఆ వేళకు షాపు తాళం కూడా తీయరు. ఆ వేళకు ఈ గదిలో కాఫీ తాగుతూ ఫోను చూసేది ఒక్కరే.

నాన్న ఆ గంటను చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు. నాకు భయం వేస్తుందనుకున్నాను, వేయలేదు. నేను గీసిన గళ్ళు ఎవర్నీ పట్టివ్వడానికి కాదు. కానీ చేయాల్సిన పని తిన్నగా చేశాయి. ఈసారి తలుపు మూడు సెంటీమీటర్లు తప్పుగా తెగకుండా ఆగింది. ఆపింది మామయ్య.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టనా?" అని అడిగింది.

నాన్న నా కుర్చీ వెనక నుంచి చెయ్యి చాపి, నా ముందున్న కాగితంలో తన పేరు వరసలో ఖాళీగా ఉన్న గడి మీద వేలు పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత ఆ వేలితోనే నా తల మీద ఒకసారి మెల్లగా కొట్టాడు.

లేచి చూసేసరికి ఆయన షాపులోకి వెళ్ళి, బల్ల చివర నాలుగు రోజులుగా ఉన్న గ్లౌజుల జత పట్టుకుని తిరిగి వస్తున్నాడు. వాటి మీది పొట్టు దులిపి జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. అమ్మవైపు గానీ నావైపు గానీ చూడలేదు. ఎక్కడికని అడగబోయిన అమ్మను చెయ్యిపట్టి ఆపాను. ఆయన గేటు తీసుకుని మామయ్య వీధివైపు నడిచి వెళ్ళిపోయాడు.