తలుపులో పడ్డ జవాబు

ఆదివారం పొద్దున రాంచందర్‌కు ఒక పద్ధతి ఉంది. చాయ్ తాగుతాడు, చనిపోయిన తండ్రి వీరభద్రం కొన్న తెల్ల కారును వాకిట్లోకి తీసి కడుగుతాడు, ఆ తర్వాతే హన్మకొండ చౌరస్తాలోని దుప్పట్ల దుకాణం తెరుస్తాడు. ఈ ఆదివారం మాత్రం బకెట్ పక్కనే ఉంది, మనిషి ముట్టుకోలేదు. మెకానిక్ ఓంప్రకాశ్ గేటు తీసేసరికి, కారు ఎడమవైపు ముందు తలుపును రెండు చేతులతో పట్టుకుని, దవాఖానలో మంచం పక్కన నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు.

"అద్దం సగంల ఆగింది ఓంప్రకాశ్. పైకి పోతలేదు, కిందికి వస్తలేదు. లోపల దీప జవాబు ఉన్నది!"

ఓంప్రకాశ్ తలూపి సంచి కింద పెట్టాడు. ఆ కారు సంగతి అతనికి కొత్త కాదు. బటన్ నొక్కితే లేచే ఆ అద్దం కదులుతున్నంతసేపూ, దాని పక్కన ఎవరేం మాట్లాడినా చెవికి చేరదు. మాట అద్దం సందులోంచి తలుపులోకి జారిపోతుంది. పాత బండ్లలో చిల్లర, టికెట్లు జారిపోవా, అట్లాగే. ఇంట్లోవాళ్లు అద్దం ఆగేదాకా నోరు మూసుకోవడం నేర్చుకున్నారు. కొత్తవాళ్లకే ముందు చెప్పాలి.

దీపకు చెప్పడం రాంచందర్ మరిచిపోయాడు. మరిచిపోడా మరి! మూడేళ్లుగా ప్రతి శనివారం కొత్తవాడకు పోయి ఆమె నేసిన జంపఖానాలు తెస్తున్నాడు, అడగాల్సిన మాట మాత్రం ప్రతి శనివారం మింగి వస్తున్నాడు. వర్ధన్నపేట నుంచి పెళ్లివాళ్లు తనను ఖాయం చేసుకోవడానికి ఈ ఆదివారం మధ్యాహ్నం వస్తున్నారని నిన్న ఆమే చెప్పింది. ఇక ఆగలేక, ఎడమ కిటికీ బయట నిలబడ్డ ఆమెను స్టీరింగ్ వైపు చూస్తూ అడిగేశాడు. "నన్ను చేసుకుంటవా?" అడిగి, సిగ్గుతో చేతికి దొరికిన బటన్ నొక్కాడు. అద్దం లేచింది, దీప పెదాలు కదిలాయి, అద్దం టక్కున ఆగింది. ఈయనగారు గేరు వేసి పారిపోయి వచ్చాడు. ముప్పై ఆరేళ్ల మనిషి!

"ఫోన్ చేసి అడుగరాదే అన్నా," అన్నాడు ఓంప్రకాశ్.

"ఒక్కపారి అడగనీకే ఇన్నేండ్లు పట్టె. వద్దన్నదనుకో, మళ్ల అడిగి సతాయించినట్టు కాదా? సరే అన్నదనుకో, ఆళ్లు రాకముందు నేను పోకపోతే ఏమనుకుంటది? జర జల్ది చూడు!"

అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న తల్లి రాజేశ్వరి తలెత్తకుండానే అంది. "మగ్గం మీద కూసునే పిల్ల మన దుకాణం గల్లా మీద కూసుంటదా? అద్దం అట్లనే ఉండనియ్యి."

ఓంప్రకాశ్ ముందు ఫ్యూజు పీకి వెలుతురులో చూశాడు. బాగానే ఉంది. స్విచ్ విప్పాడు. లోపల ఎర్రగా గడ్డకట్టి ఉంది. గోటితో గీకి, వాసన చూసి, రాజేశ్వరి వైపు తిరిగాడు.

"అమ్మా, దసరాకు టైర్లకు బొట్లు పెడ్తరు, స్టీరింగుకు పెడ్తరు. స్విచ్చులకు గూడనా?"

"అన్నిటికి పెట్టి దానికొక్కదానికి పెట్టకపోతే ఏం బాగుంటది?"

ఎన్ని దసరాల కుంకుమో బ్రష్షుతో దులిపి, స్విచ్ బిగించి నొక్కాడు. తలుపులో మోటారు గుర్రుమంది. అద్దం కదల్లేదు.

"మోటార్‌ల పాణం ఉన్నదన్నా!" ఓంప్రకాశ్‌కు కూడా హుషారెక్కింది. "అద్దం నడిచే తొవ్వల ఏదో ఇరికింది. తలుపు విప్పాలె."

స్క్రూలు వచ్చాయి, క్లిప్పులు టపటపా ఊడాయి. లోపలి అట్ట చేతికి రాగానే ఏళ్ల మాటలన్నీ వాకిట్లో కుప్పగా పడ్డాయి. "టమాట ఎట్లిచ్చినవ్?" "మెల్లగ, గుంత ఉన్నది!" "రఘునాథపల్లి దాటినమా?" ఎప్పుడో ఆ కారెక్కిన పక్కింటివాళ్లు తమవేమైనా ఉన్నాయేమోనని గేటు దగ్గర చేరారు.

ఓంప్రకాశ్ టార్చి వేసి, అద్దం జారే పట్టాలోకి చేయి పెట్టాడు. "దొరికింది! గుంజుతాన, సప్పుడు చెయ్యకుండ్రి."

దీప గొంతు గలగలా బయటపడింది. "అడగనీకే గిన్నేండ్లా? రేపు ఆళ్లు రాకముందే మీ అమ్మను తోలుకొని రా. నువ్వొక్కనివే వస్తే మాత్రం ఆళ్లకే చాయ్ ఇస్త!"

అద్దం సర్రున కిందికి జారింది. రాంచందర్ గాల్లోకి ఎగిరి బకెట్‌ను తన్నాడు, వాకిలంతా నీళ్లు. అంతలోనే ఆమె అన్న రెండో సగం గుర్తొచ్చింది. అందరూ అరుగు వైపు చూశారు.

"నేను రాను," అంది రాజేశ్వరి.

"అమ్మా, టైమైతాంది."

"రానన్న గద."

ఓంప్రకాశ్ ఏం చేయాలో తోచక తలుపు అడుగును గుడ్డతో తుడిచాడు. మూలలో మిగిలిపోయిన మాట ఒకటి ఊడి పడింది. వీరభద్రం గొంతు. కాస్త దగ్గి, మెల్లగా అంది. "రాజీ, ఈ చిలకపచ్చ చీరల మస్తుగున్నవ్."

రాజేశ్వరి చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. కాపురం చేసినన్నాళ్లూ తన మొగుడు ఒక్కనాడు బాగున్నావని అనలేదని ఆమె చుట్టాలందరికీ చెప్పుకుంది. ఆయన పోయాక కూడా చెప్పుకుంది. ఆమెకు వినబడదని తెలిసే, అద్దం లేస్తుండగా అన్నాడన్నమాట. కొడుకుకు సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చి, ఆమె లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

"అయిపాయె," అని రాంచందర్ తడి వాకిట్లోనే కూలబడ్డాడు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. రాజేశ్వరి చిలకపచ్చ చీర కట్టుకుని, పసుపు, కుంకుమ, పండ్లు పెట్టిన పళ్లెంతో వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"ఇంక ఏం జూస్తానవ్‌రా? బండి తియ్యి!"

అట్ట లేని తలుపు గడగడలాడుతుంటే, కారు కొత్తవాడ దాకా ఒకటే పరుగు తీసింది. వర్ధన్నపేటవాళ్లు ఇంకా రాలేదు. దీప కొత్త చీరలో మగ్గం దగ్గర కూర్చుని, నేయకుండా దారం చుట్టుతూ విప్పుతూ ఉంది. కారు ఆగడం చూసి లేచి నిలబడింది. రాంచందర్ దిగి నోరు తెరిచాడు. రాజేశ్వరి అతన్ని పక్కకు జరిపి ముందుకు వచ్చింది.

"బిడ్డా, వీడు నీ మాట ఇందాకనే ఇన్నడు. నేను గూడ ఇన్న. మంచి మాట మనిషి పోయినంక ఇంటే ఎట్లుంటదో నాకు ఎరుకైంది. మీకట్ల కావద్దని వచ్చిన."

దీప పళ్లెం అందుకుని కళ్లకద్దుకుంది. ఆ తర్వాత లోపలికి పోయి చాయ్‌కు నీళ్లు పెట్టింది. వాళ్ల నాయిన మాత్రం వర్ధన్నపేటవాళ్లు ఇంకా బస్సెక్కి ఉండకపోతే బాగుండునని ఫోన్‌లో నంబర్ వెతుక్కుంటున్నాడు.