ఇస్త్రీ బల్ల మీద రెండు ఇంజిన్లు

మా ఇస్త్రీ గదికి కిటికీ లేదు. తలుపేమో లోపలికి తెరుచుకుంటుంది. రెండు కుర్చీలు వేస్తే ఎడమ కుర్చీ వెనక కాళ్లు ఆ తలుపుకే ఆనుకుంటాయి. అందులో మా ఆయన కూర్చున్నాక, కుడి కుర్చీలో ఉన్న నేను బయటపడాలంటే ఆయన లేవాల్సిందే. ఆయన లేవరు. గాల్లో ఉండగా పైలట్ లేవకూడదట.

ఎదురుగా గోడ నిండా కాక్‌పిట్ బొమ్మ, కాగితంది. మా మధ్య ఇస్త్రీ బల్ల, దాని మీద అంటించిన మీటలు. ఇన్నేళ్లూ ఆయన నడిపిన రకం విమానాలను కంపెనీ తీసేస్తోంది. కొత్త రకానికి కుదించిన కోర్సు పెట్టారు. అక్కడ తీరిగ్గా నేర్పరు. నేర్చుకుని వచ్చావా లేదా అని మొదటి రోజు నుంచే చూస్తారు. తప్పితే ఇంటికే, వెనక్కి వెళ్లడానికి పాత విమానం ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వృక్షశాస్త్రంలో డిగ్రీ చేసిన నేను ఆ రెండింటి మధ్య కో-పైలట్‌ని.

"ఏమే, గోడ ఎంతదూరం పోయింది?" బయటి నుంచి మా అత్తగారు.

"ఇంకా లేవలేదు అత్తయ్యా."

"పాలు లేచేలా ఉన్నాయి మరి!"

"స్టవ్ కట్టెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

"విమానంలో ఇంటి గోలేంటి?" అన్నారు మా ఆయన.

అసలు పరీక్ష ఇంజిన్‌కి నిప్పంటుకున్నప్పటిది. ఆయన కళ్లు మూసుకుంటే, ఏ ఇంజిన్ మండుతోందో గోడ మీది బొమ్మలో దాని మీటరుకి నేను బట్టల ఎర్ర క్లిప్పు పెడతాను. ఆయన కళ్లు తెరిచి చూసి, ఆ ఇంజిన్ ఇంధనం మీట మీద చెయ్యి వేసి, "కన్ఫర్మ్?" అని అడగాలి. నేనూ చూసి "కన్ఫర్మ్" అన్నాకే మీట దించాలి. చెయ్యి తప్పితే బాగున్న ఇంజిన్ ఆగిపోతుంది, మండేదే మిగులుతుంది.

ఆయన ఒక్కసారీ తప్పడం లేదు. నేనూ మురిసిపోయాను.

ఒకరోజు అటక మీద ఏదో తీయడానికి అత్తగారు నా కుర్చీ పట్టుకుపోతే, వంటింట్లో స్టూలు తెచ్చుకున్నాను. క్లిప్పు రెండో ఇంజిన్‌కి పెట్టాను. ఆయన చెయ్యి ఒకటో మీట మీద పడింది.

"ఒకటో ఇంజిన్. కన్ఫర్మ్?"

అయ్యో అని ముందుకు వంగాను. స్టూలు నోరెత్తలేదు. ఆయన చెయ్యి అలాగే ఉంది, దేనికోసమో ఎదురుచూస్తూ.

అప్పుడు తెలిసింది. ఆ చెయ్యి తప్పు దారి పట్టినప్పుడల్లా నేను కంగారుగా వంగుతున్నాను, నా కుర్చీ కిర్రుమంటోంది, చెయ్యి పక్క మీటకి జరుగుతోంది. ఆయన నేర్చుకున్నది విమానాన్ని కాదు, కుర్చీని. ఆ సంగతి పాపం ఆయనకీ తెలియదు.

"చెప్పవేంటి?"

"కన్ఫర్మ్," అన్నాను.

మీట దించేశారు. అప్పుడు తలెత్తి క్లిప్పు చూశారు.

"నువ్వు కన్ఫర్మ్ అన్నావు!"

"మీరడిగారు, అన్నాను. అక్కడ పక్కన కూర్చునేవాడు మీ పెళ్లామా, మీరు తప్పినప్పుడల్లా గుండెలు బాదుకోడానికి?"

స్టూలు సంగతి, కుర్చీ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. బాగున్న ఇంజిన్ ఆపేశాం, రెండోది ఎలాగూ మండుతోంది. ఆ కాగితం విమానంలో, గాలాడని గదిలో, ఇద్దరం ఆ ఎర్ర క్లిప్పునే చూస్తూ కూర్చున్నాం.

చివరికి, "ఆ కుర్చీయే తెచ్చుకో," అన్నారు.

"తెస్తాను. కానీ ఇకమీదట అది నిజం చెప్పదు."

మాట నిలబెట్టుకున్నాను. ఒప్పుకీ ఊగాను, తప్పుకీ ఊగాను. ఆయన చెయ్యి పెనం మీద నీటిచుక్కలా గంతులేసింది. "ఊగి చావకే!" అని విసుక్కున్నారు.

కోర్సుకి ప్రయాణమయ్యే ముందురోజు క్లిప్పు రెండో ఇంజిన్‌కే పెట్టాను. చెయ్యి రెండో మీట మీద పడింది. ఒళ్లంతా బరువు వేసి వంగాను. కుర్చీ కుయ్యోమంది. చెయ్యి ఉలిక్కిపడి పక్కకి కదిలింది, ఆగింది. కళ్లు గోడ మీదికి వెళ్లాయి. చెయ్యి వెనక్కి వచ్చింది.

"రెండో ఇంజిన్. కన్ఫర్మ్?"

"కాదు, ఒకటోది," అన్నాను పచ్చి అబద్ధం.

"క్లిప్పు చూసి మాట్లాడు. రెండోది."

చూశాను. "కన్ఫర్మ్."

మీట దిగింది.

బయట పాలు మాడిన వాసన. లేవబోయాను.

"ఎక్కడికి? ఇంకోసారి. ఈసారి ఇంకా గట్టిగా ఊగు."

తలుపు ఆయన కుర్చీ వెనకే ఉంది. కళ్లు మూసుకోమని చెప్పి, క్లిప్పు తీసి అటువైపు పెట్టాను.