గవర్నరు గారి గొంతు

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మావారి కళ్లు ఆ రోజు హైదరాబాదు రాయదుర్గంలో సినిమా తెరంత అయ్యాయి. బతికుండగా ఒక్క పూట పలకరించని వాళ్లు కూడా పూలగుత్తులు పట్టుకుని బారులు తీరారు. చూస్తుంటే ఒళ్లు మండిపోయింది.

మావారు రామ్మోహనరావు గారు. కలెక్టరుగా చేసి రిటైరయ్యాక, తూర్పున ఒక కొండల రాష్ట్రానికి గవర్నరుగా వెళ్లారు. ఆయన కాలం చేసి ఏడాదైంది. మా అబ్బాయి రోహిత్ పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు తమ టవర్‌లోనే సంస్మరణ సభ పెట్టారు. "నాన్నగారి సేవలు పదిమందికీ తెలుస్తాయమ్మా" అని వాడంటే, పోనీలే, బుద్ధి తెచ్చుకున్నాడని మురిసిపోయాను. నా మురిపెం మండిపోను!

కొత్తగూడ ఫ్లైఓవర్ మీద కారు పాకుతుంటే వాడు పాఠం మొదలెట్టాడు.

"అమ్మా, నిన్నూ మాట్లాడమంటారు. రెండు ముక్కలు చెప్పి, థాంక్స్ చెప్పేసి దిగిపో. కోపం మాత్రం తెచ్చుకోకు."

"కోపమెందుకురా? సంస్మరణ సభలో నేనెవరితో పోట్లాడతాను?" అన్నాను.

మేం వెళ్లేసరికి హాలు ఇంకా నిండలేదు. ఏర్పాట్లు చూస్తున్న శివ నన్ను పక్క గదిలోకి తీసుకెళ్లి కుర్చీ వేశాడు. బోరబండ మనిషట, మర్యాద తెలిసినవాడు.

"మేడమ్, జర గిట్ల కూసోండ్రి. సార్ వీడియో చూపిస్త. మస్తుగొచ్చింది, చూస్తే ఏడుపొస్తది."

తెర మీద ఆయన. అసెంబ్లీలో నిలబడి, ఆ బూడిదరంగు కోటులోనే. నోరు విప్పారు. తెలుగులో! ఆ సభలో ఆయన ఇంగ్లీషు తప్ప మాట్లాడి ఎరగరు. కంపెనీ వాళ్ల కంప్యూటరు ఆయన గొంతు పట్టుకుని తెలుగు పలికించిందట. ఏడాది తర్వాత ఆ గొంతు వినేసరికి నా ప్రాణం లేచి వచ్చింది. ఏవండీ అని పిలవబోయాను.

"కొండ భూములను పరిశ్రమలకు తెరిస్తేనే ఈ రాష్ట్రానికి వెలుగు. అడ్డొచ్చే పాత చట్టాలు మారాలి" అన్నారాయన. కింద పెద్ద అక్షరాలతో 'ఒక దార్శనికుడి కల' అని పడింది.

"ఆపు!" అన్నాను. శివ హడలిపోయి ఆపేశాడు.

ఏటా అసెంబ్లీ మొదలయ్యేటప్పుడు గవర్నరు ప్రసంగం చేస్తారు. అది ఆయన రాసుకునేది కాదు. మంత్రులు రాసిచ్చింది చదవాలి, అంతే. అది ఆనవాయితీ. ఆ కొండ భూముల మాటలు కూడా మంత్రులవే. ఆ ప్రసంగం చదివి ఆయన ఇంటికి రాగానే నేను దులిపేశాను. "ఆ కొండవాళ్ల ఇళ్లకి వెళ్లి, వాళ్ల చేతి అన్నం తిని, వాళ్ల నేల లాక్కుంటామని ఎలా చదివారండీ? నోరెలా వచ్చింది?" అని అడిగాను. "చదవడం నా ఉద్యోగం, రత్నం. సంతకం దగ్గర చూద్దాం" అన్నారు.

అన్నట్టే చేశారు. ఆ మాటలే ఆర్డినెన్సుగా బల్ల మీదికి వస్తే సంతకం పెట్టకుండా తిప్పి పంపేశారు. మంత్రులు బతిమాలారు, బెదిరించారు, మళ్లీ పంపారు. ఈయన మళ్లీ తిప్పికొట్టారు. చివరికి పదవే ఊడింది. తర్వాత వచ్చినాయన కళ్లు మూసుకుని సంతకం గీకేశాడు, అది వేరే సంగతి. మావారి జీవితంలో గొప్పగా చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే ఆ ఒక్కటే. ఇప్పుడు దాన్ని తుడిచేసి, ఆయన కాదన్నదాన్నే ఆయన నోట్లో కుక్కి, దానికి కల అని పేరు పెడతారా!

తెలియక చేశారనుకున్నాను. రోహిత్‌ను పిలిచాను.

"ఒరే, అది మంత్రులు రాసిందిరా. దాన్ని కాదన్నందుకే మీ నాన్నగారిని ఇంటికి పంపారు. ముందు తీసెయ్యమను."

వాడు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"అన్నీ తెలుసు. ఇక్కణ్ణుంచి వెళ్లి ఆ కొండల్లో రిసార్టులు కడుతున్నవాళ్లే మా పెద్ద క్లయింట్లు. ముందు వరసలో కూర్చునేది వాళ్లే. మా డైరెక్టర్ హేమంత్ గారు వాళ్ల కోసమే ఆ ముక్క ఎంచారు. అయినా నాన్నగారు చదివిందేగా? ఇందులో అబద్ధమేముంది?"

"నీ నోట్లో మన్ను పడ!" అన్నాను. కన్నకొడుకునే అన్నాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

సభ మొదలైంది. హేమంత్ వేదికెక్కి మహానుభావుడు, ముందుచూపున్నవాడు అంటూ ఊదరగొట్టాడు. మావారిని ఒక్కసారైనా కలిసిన మొహం కాదది. తర్వాత నన్ను పిలిచారు. కప్పబోయిన శాలువాని చేత్తో తోసేసి మైకు అందుకున్నాను.

"నా తర్వాత మావారి గొంతు వినిపిస్తారట. గొంతు ఆయనదే. మాటలు మాత్రం ఆయనవి కావు, మంత్రులవి. రాసిస్తే చదివారు. అవే చట్టంగా వస్తే ససేమిరా సంతకం పెట్టనని పదవి పోగొట్టుకున్నారు. దణ్ణం పెట్టదలిస్తే ఆ పెట్టని సంతకానికి పెట్టండి. ఆ వీడియోకి చప్పట్లు కొట్టారో, ఆయన్ని మళ్లీ పాడె ఎక్కించినట్టే."

ముందు వరసవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హేమంత్ కళ్లతోనే రోహిత్‌కు సైగ చేశాడు. వాడు పరుగున మెట్లెక్కి నా పక్కన వంగాడు.

"అమ్మా, దిగమ్మా, నీకు దణ్ణం పెడతాను. నా ఉద్యోగం పోతుంది."

మైకు నా చేతిలోనే ఉంది. దించలేదు.

"పోతే పోనీరా. మీ నాన్నగారికీ పోయింది. ఆ పూట పెరుగన్నం మారు వడ్డించుకుని మరీ తిన్నారు. ఇంతలో నువ్వు ఫోన్ చేశావు. 'ఎవరో కొండవాళ్ల కోసం ఇంత గొడవెందుకు నాన్నా, సంతకం పెట్టేస్తే పోయేదిగా' అన్నావు. చేతిలో ముద్ద కంచంలో వదిలేసి లేచిపోయారు."

"వీడియో వెయ్యవయ్యా!" అని కింద నుంచి హేమంత్ అరిచాడు.

శివ రోహిత్ వైపు చూశాడు. "సార్, ఎయ్యాల్నా?"

రోహిత్ తల దించుకున్నాడు.

"వాణ్ణి అడక్కు నాయనా, నన్నడుగు. ఆయన పెళ్లాన్ని నేను" అన్నాను. "వెయ్యొద్దు."

శివ మెషిన్ మీంచి చెయ్యి తీసేసి, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.